గట్లమీదను పెరటియందును పెంచదగిన మన నేల మొక్కలు

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల రైతుల కొఱకు)

పూర్వము ఈ ప్రాంతమున గట్టుమీద చెట్టు లేని చెలక అరుదు. నాగలికిని బండికిని నల్లతుమ్మ కొయ్య, మడికి కానుగ రొట్ట, కంచెకు రేగు కంప, విస్తళ్లకు మోదుగ ఆకు, ఇంటి దూలమునకు తాటి మొద్దు, ఇవి యన్నియు రైతునకు తన పట్టాభూమిలోనే దొఱకెడివి. నేడు ఇనుప తీగ మొదలు పురుగుమందు వఱకు ప్రతి వస్తువును రొక్కమిచ్చి కొనవలసి వచ్చుచున్నది. ట్రాక్టరు తిరుగుటకై గట్లు సన్నము చేయబడినవి. కోరుట్ల ప్రాంతమున పసుపు కొమ్ములు ఉడికించుటకు వంటచెఱకు మెండుగా కావలసి యుండుటచే చేరువనున్న చెట్లు కొట్టబడినవి. కొట్టిన చోట మఱల నాటిన వారు కొలదిమంది.

ఈ నష్టము చెట్టుతో ఆగునది కాదు. ఊరిలో మిగిలిన కడపటి ముదురు ఇప్పచెట్టు పడిపోయిన నాడు దాని గింజయు పోవును. దానిని గుర్తింపగల వృద్ధులు గతించిన నాడు దాని పేరును పోవును. గింజయు పేరును పోయిన పిమ్మట ఆ చెట్టును తిరిగి తెచ్చుట మిక్కిలి కష్టము. కావున ముదురు చెట్లు ఇంకను నిలిచియుండగనే వానిని తెలిసికొని, వాని గింజలనే తెచ్చి, గట్లమీదను పెరళ్లలోను పెంచుట రైతులకు అవశ్యకర్తవ్యము.

నేలయు వానయు

ఈ ప్రాంతము పూర్వపు కరీంనగరము జిల్లాలోనిది. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన జగిత్యాల జిల్లాయు, రాజన్న సిరిసిల్ల జిల్లాయు వేఱుగా ఏర్పడినవి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరినది. ఉత్తరమున ధర్మపురి యొద్ద గోదావరియు, సిరిసిల్ల ప్రక్కన మానేరును ప్రవహించుచున్నవి. సంవత్సరమునకు సుమారు 900 నుండి 1000 మిల్లీమీటర్ల వాన కురియును గాని, అందు అధిక భాగము జూను మొదలు సెప్టెంబరు వఱకు నాలుగు నెలలలోనే పడును. మిగిలిన ఎనిమిది నెలలు మొక్క తన వేరుబలముననే నిలువవలెను.

ఈ నేల చెట్లు అట్టి యెండకు వేల యేండ్లనుండి అలవాటుపడినవి. మోదుగ మాఘ ఫాల్గుణములలో ఆకు రాల్చి పూవు పూయును. జమ్మి వేరు మిక్కిలి లోతునకు దిగి, పైరువేళ్లకు అందని తేమను పీల్చును. ఇట్టి చెట్లు రెండు వేసవులు గడచిన పిమ్మట నీరు పోయుమని కోరవు.

జగిత్యాల చెంతనున్న పొలాస వ్యవసాయ పరిశోధనా కేంద్రమున రూపొందిన జగిత్యాల సన్నాలు వంటి వరి రకములను రైతులు ఆదరించుటకు కారణము అవి ఈ నేలలో పరీక్షకు నిలిచినవి గనుకనే. చెట్టు విషయమునను ఇదే న్యాయము. దూరప్రాంతపు నారుకన్న, తన ఊరి గట్టుమీద ఏబది యేండ్ల కఱవులకు నిలిచిన చెట్టు గింజయే నమ్మదగినది.

ముందుగా చెట్టును గుర్తించుట

పెంచుటకు పూర్వము గుర్తింప నేర్వవలెను. వీనిలో పొరపాటు సులభముగా కలుగును. దసరానాడు పూజింపదగిన జమ్మికి బదులు సర్కారు తుమ్మ కొమ్మను తెచ్చువారు కలరు. ఈ మూటికి గల భేదము లివి:

జమ్మి: ముండ్లు చిన్నవి, కొమ్మ పొడవున అక్కడక్కడ విడివిడిగా నుండును. కాయ సన్నముగా, గుండ్రని పుల్లవలె నుండును.

సర్కారు తుమ్మ: ముండ్లు పొడవైనవి, ఆకు మొదట జంటగా నుండును. పూవులు తోకవలె వ్రేలాడును. కాయ చదునుగా, పండినపుడు పసుపుపచ్చగా, తియ్యగా నుండును.

నల్లతుమ్మ: ముండ్లు తెల్లనివి, జంటగా నుండును. పూవులు పసుపుపచ్చని గుండ్రని బంతులు. కాయ గింజకు గింజకు నడుమ నొక్కుకొనిపోయి పూసలపేరు వలె నుండును.

చెట్లను తెలిసికొన్నవారు మన గ్రామవాసులే యనుటకు శాస్త్రగ్రంథములే సాక్ష్యము. 1781 మొదలు కొంతకాలము సామర్లకోటలో నివసించిన విలియం రాక్స్‌బర్గు అను వైద్యుడు తెలుగుదేశపు మొక్కలను వర్ణించుచు, వాని తెలుగు పేర్లను గూడ వ్రాసి యుంచెను. మన యడవులలోని సోమిద చెట్టునకు ప్రపంచ మందంతటను శాస్త్రజ్ఞులు వాడు పేరు ఆ తెలుగు మాటనుండియే పుట్టినది. నిజాము రాజ్యపు వనవృక్షములను గూర్చి 1911లో పార్ట్రిడ్జి అను నతడు ఒక గ్రంథమును ప్రకటించెను.

ఇట్టి తెలివికి విలువ కలదు. వేపనూనెతో తెగుళ్లను అణచు విధానము తమదే యని ఒక అమెరికా సంస్థయు, ఆ దేశపు వ్యవసాయ శాఖయు 1994లో ఐరోపా పేటెంటు హక్కు పొందిరి. అది భారతదేశమున పూర్వమునుండి తెలిసినదే యని ఋజువగుటచే ఆ హక్కు 2000లో రద్దు చేయబడెను. 2005లో ఆ తీర్పు స్థిరపడెను. రైతు ఎఱిగిన సంగతి మఱుగునపడిన యెడల దానిని ఇతరులు తమదని చెప్పుకొనుట సులభమగును.

కావున ప్రతి రైతును ఒక సంవత్సరము పాటు తన పొలము చుట్టును గల చెట్లను, పొదలను ఇంటి పెద్దలతో కూడి చూచి, పేరు, పూచు మాసము, కాచు మాసము, ఉపయోగము ఒక పుస్తకమున వ్రాసికొనుట మంచిది. పిల్లలను వెంట బెట్టుకొని పోవుట మఱియు మంచిది.

పరదేశపు మొక్కల విషయము

పరదేశమునుండి వచ్చిన ప్రతి మొక్కయు చెడ్డదని తలపరాదు. మిరప, మొక్కజొన్న, సీతాఫలము, బంతి అమెరికా ఖండమునుండి వచ్చినవే. చింత పూర్వకాలమున ఆఫ్రికానుండి వచ్చినది. ఇవి రైతు చెప్పుచేతలలో నుండునవి. నాటిన చోట నిలువక పొరుగు చేలపై బడు మొక్కయే భయపడదగినది.

సర్కారు తుమ్మ ఇందుకు ఉదాహరణము. వంటచెఱకు కొఱకు దీనిని 1877 ప్రాంతమున కడప మండలములోని కమలాపురమున నాటిరి. పశువులు కాయలు తిని గింజలను ఎల్లెడల చల్లినవి. అది నేడు చెఱువు శిఖములను, బంచరాయిలను ఆక్రమించుచున్నది. వయ్యారిభామ యను కలుపుమొక్కను మన దేశమున 1955లో పూనా యొద్ద మొదట గుర్తించిరి. అది చేరని యూరు నేడు అరుదు. బాటల వెంబడి అందమునకై పెంచిన కోనోకార్పసును గుజరాతు ప్రభుత్వము 2023లో నిషేధించినది. జామాయిలు త్వరగా ఎదుగును, త్వరగా రొక్కమిచ్చును. కాని దాని వరుసకు చేరువనున్న పైరు గిడసబారును. రొక్కమునకై వేయదలచినవారు దానిని వేఱు తుండులో వేయవలెను గాని, పైరు గట్టుమీద వేయరాదు.

గట్టుకు తగిన చెట్లు

కానుగ: వరిమళ్ల గట్లకు శ్రేష్ఠమైనది. రొట్టను దమ్ములో త్రొక్కిన యెడల మంచి యెరువు. గింజలనుండి నూనె, పిండి లభించును. కొమ్మలు నఱికినను మఱల చిగుర్చును.

వేప: చెలకకును ఇంటిముందఱకును తగినది. గింజలను అమ్ముకొనుటకన్న తన పైరునకు వాడుకొనుట లాభము. ఎండిన గింజల పప్పు 5 కిలోలు పొడిచేసి, నీటిలో ఒక రాత్రి నానబెట్టి, వడగట్టి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, మొత్తము 100 లీటర్లు చేసి సాయంకాలమున చల్లిన యెడల రసము పీల్చు పురుగులును, లేత దశలోని ఆకుతిను పురుగులును తగ్గును.

జమ్మి: 2014లో తెలంగాణ రాష్ట్రవృక్షముగా ప్రకటింపబడినది. చిక్కుడుజాతి చెట్టగుటచే నేలకు నత్రజని చేకూర్చును. ఆకు, కాయ మేకలకు మేత. రాజస్థానమున రైతులు దీనిని సజ్జచేల నడుమనే నిలుపుదురు. అచ్చట ఖేజర్లీ గ్రామమున 1730లో ఈ చెట్లను కాపాడుటకై 363 మంది బిష్ణోయీలు ప్రాణములు విడిచిరి. ఇది మెల్లగా ఎదుగునదే గాని పైరునకు హాని చేయునది కాదు.

నల్లతుమ్మ: కొయ్య గట్టిది, బండికిని పనిముట్లకును తగినది. నీడ పైరునకు హాని చేయును గావున చెఱువు క్రింది వృథాభూమియందు వేయుట మేలు.

మోదుగ: నీరు నిలుచు నేలను, చవుటి నేలను గూడ సహించును. ఆకు విస్తళ్లకును, పూవు హోళీ రంగునకును ఉపయోగపడును.

తాడి, ఈత: సన్నని గట్టునకు ఇంతకన్న అనువైనవి లేవు, నీడ స్వల్పము, వేరు గట్టును పట్టి నిలుపును. తాడి పదునైదేండ్లకు గాని అక్కరకు రాదు. నాటినవానికన్న వాని బిడ్డలకే ఫలము. అయినను వేసినవాడు నష్టపడడు.

ఇప్ప, నేరేడు: పెద్ద చెట్లు. ఇప్ప బంచరాయి అంచునను, నేరేడు కాలువ గట్టునను నాటవలెను.

తునికి: దీనిని నాటవలసిన పనిలేదు, ఉన్నదానిని త్రవ్వివేయకున్న చాలును. మాఘ ఫాల్గుణములలో పొదను కొట్టిన యెడల వేరునుండి లేత చిగురు వచ్చును. వేసవిలో ఆ యాకునే బీడీలకు కోయుదురు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో అనేకమంది స్త్రీలకు బీడీలు చుట్టుట జీవనాధారమని మఱువరాదు.

కంచెకు తగిన పొదలు

ఇనుప తీగ కొంతకాలమునకు త్రుప్పుపట్టును. జీవకంచె ఏటేట చిక్కనగును. ముండ్లపొదలలో రేగు, వాక, గచ్చకాయ మంచివి. పశువులు ముట్టని పొదలలో తంగేడు, వావిలి, అడ్డసరము మంచివి. వావిలి కొమ్మలను వానకాలమున గ్రుచ్చిన చాలును, వేరూనును. దాని యెండుటాకును ధాన్యపు గాదెలలో పురుగు పట్టకుండుటకు వేయుదురు.

తంగేడు విషయమున ఒక హెచ్చరిక. ఇది తెలంగాణ రాష్ట్రపుష్పము. బతుకమ్మకు మొదటి పూవు. పూర్వము ఇంటి వెనుకనే దొఱకెడిది. నేడు పట్టణములలో సంతనుండి కొనుచున్నారు. కొమ్మలతో సహా విఱిచి కొనిపోయిన యెడల కాయ నిలువదు, గింజ రాలదు, మఱుసటి తరపు మొక్క పుట్టదు. ప్రతి పొదయందును మూడవవంతు పూవు విడిచి మిగిలినది కోయవలెను. గట్టుమీద గజమునకొక పొద చొప్పున వేసిన యెడల పండుగకు పూవు, మడికి రొట్ట, నేలకు కాపు, మూడును సమకూరును. గునుగు గింజలను గూడ గట్టుమీద చల్లి యుంచుట మంచిది.

పెరటికి తగినవి

పెరటియందు ఉసిరి, మారేడు, కరివేప, మునగ, ఒక మూల అడ్డసరము, వేపకు ప్రాకించిన తిప్పతీగ ఉండదగినవి. స్నానపు నీరు పాఱు చోట పొన్నగంటి, గంగవాయిలి వేసిన యెడల కూరకు లోటుండదు. వినాయకచవితినాడు వండుకొను తుమ్మికూర దానంతట అది మొలచునదే. దానిని కలుపని పెఱికివేయరాదు. గట్టుమీద గడ్డిమందు చల్లిన యెడల ఇట్టి కూరలును, ఔషధపు మొక్కలును, తంగేడు మొలకలును ఒక్కమాఱుగా నశించును. గట్టు గడ్డిని కొడవలితో కోసి పశువులకు వేయుటయే లాభము.

గింజ సేకరించు కాలము

గింజను ఒక్క చెట్టునుండి కాక, ఒకదానికొకటి ఎడముగా నున్న అయిదాఱు ఆరోగ్యవంతమైన ముదురు చెట్లనుండి తీయవలెను. ఏ చెట్టునుండియు అంతయు కోసికొనరాదు. పక్షులకును, నేలకును కొంత విడువవలెను.

కానుగ: మార్చి మొదలు మే వఱకు. ఒలిచి నేరుగా నాటవచ్చును.

మోదుగ: మే, జూను. కాయలో గింజ ఒక్కటే; ఆ యేటి గింజనే వేయవలెను.

జమ్మి: మే మొదలు జూలై వఱకు. ఒక దినము నీటిలో నానబెట్టి నాటవలెను.

వేప, ఇప్ప, నేరేడు: జూను, జూలై. వీని గింజలు నిలువయుండవు. వేపగింజ రెండు మూడు వారములలో మొలకశక్తిని కోల్పోవును. గుజ్జు కడిగి నీడను ఆరబెట్టి వెంటనే వేయవలెను. చాలమంది మొలవలేదని విచారించుటకు ఈ ఆలస్యమే కారణము.

తాడి: ఆగష్టు, సెప్టెంబరు. రాలిన పండ్ల టెంకలను నిలువదలచిన చోటనే పాతవలెను. మొదటి మొలక నేలలోనికే దిగును గావున నారు తీసి నాటుట కుదరదు.

తంగేడు: నవంబరు మొదలు జనవరి వఱకు. ఎండిన కాయలనుండి తీసి, వేసవిలో ఒక రాత్రి నానబెట్టి వేయవలెను.

నల్లతుమ్మ, గచ్చకాయ: పెంకు గట్టిది. మేకల దొడ్డిలో దొఱకు తుమ్మగింజ త్వరగా మొలచును. గచ్చకాయ పెంకును ఒక ప్రక్క ఱాతిపై అఱగదీసి నానబెట్టవలెను.

నారు పోయుటయు నాటుటయు

ఎఱ్ఱమన్ను, ఇసుక, బాగుగా మాగిన పెంటయెరువు సమపాళ్లుగా కలిపి సంచులలో నింపి, గింజను దాని మందమునకు రెట్టింపు లోతున వేయవలెను. మొలకెత్తు వఱకు పలుచని నీడ ఉండవలెను; పిమ్మట ఎండకు అలవాటు చేయవలెను. ఏడాది నారు నాటుటకు అనువైనది.

వేసవిలోనే అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు గల గుంటలు త్రవ్వి ఎండనీయవలెను. రెండు మంచి వానలు పడిన వెంటనే, అనగా జూను చివరనో జూలై మొదటనో నాటవలెను. ఆలస్యమైన కొలదియు వేరు దిగుటకు తడి చాలదు. మొక్కచుట్టు రేగు కంప కట్టి, మొదట ఎండుటాకు పఱువవలెను. మొదటి రెండు వేసవులలో పది పదునైదు దినములకొక బిందెడు నీరు చాలును. కానుగ, మోదుగ గింజలను గట్టుమీది పొదల చాటున నేరుగా పాతిన యెడల మేకలనుండి కంప కట్టు శ్రమయు తప్పును.

నీడవలని నష్టము

చెట్టు క్రింద పైరు తగ్గుననుట నిజమే. దానిని దాచిపెట్టి చెట్టు నాటుమనుట రైతును మోసపుచ్చుటయే యగును. కాని ఉపాయము కలదు. యాసంగి కాలమున సూర్యుడు దక్షిణమున నుండుటచే నీడ ఉత్తరమునకు పడును. కావున పెద్ద చెట్లను పొలమునకు ఉత్తరపు గట్టుమీద, అదియు బాటకుగాని బంచరాయికిగాని ఆనుకొని యున్నపుడే వేయవలెను. పొరుగువాని చేనిపై నీడపడునట్లు వేసి తగవు తెచ్చుకొనరాదు. మిగిలిన గట్లకు తాడి, జమ్మి, తంగేడు చాలును. ఏటేట పైరు వేయుటకు ముందు క్రిందికొమ్మలు కోసిన యెడల రొట్టయు లభించును, వెలుతురును వచ్చును. చెట్లమీద వ్రాలు పాలపిట్టలును కొఱవంకలును పురుగులను తినును. గింజకట్టు కాలమున కొన్ని పక్షులు పైరును తినును. రెండును లెక్కలోనికి తీసికొనవలెను.

నాటిన చెట్టును కొట్టదలచినపుడు 2002వ సంవత్సరపు నీరు, భూమి, వృక్షముల చట్టము క్రింద అనుమతి అవసరమేమో ముందుగా విచారించుకొనవలెను.

ఒక ఎకరమునకు లెక్క

చదరముగా నున్న ఎకరపు పొలమునకు ఒక్కొక్క ప్రక్క సుమారు 209 అడుగులు. రైతు తన వంతుగా రెండు గట్లు తీసికొన్న యెడల 418 అడుగులగును. 30 అడుగులకొక చెట్టు చొప్పున 14 చెట్లు, వాని నడుమ గజమునకొక పొద చొప్పున ఇంచుమించు 125 పొదలు పట్టును. దుక్కినేల ఒక్క చాలైనను తగ్గదు. గింజకు రొక్కము అక్కఱలేదు. సంచులకును, రెండు వేసవుల నీటికిని అగు శ్రమయే పెట్టుబడి.

ఊరిలో పదిమంది రైతులు ఈ విధముగా చేసిన యెడల 140 చెట్లు నిలుచును. ప్రతి రైతును ముందుగా తన పొలమునకు చేరువనున్న ఒక ముదురు చెట్టును గుర్తించి, దానిని కొట్టకుండ నిలిపి, రాబోవు వానలకు దాని గింజలు పది పాతవలెను. మొలచిన మొక్క పేరు ఇంటిలోని పిల్లలకు చెప్పవలెను. ఆ పేరును, ఆ గింజయు నిలిచిన యెడల మిగిలిన చెట్లను వారే పెంచుకొందురు.